పాత ఆర్గాన్ మెషీన్‌లో ఆర్క్ పట్టకపోతే: తరచుగా అడిగే ప్రశ్నలు

విజయవాడ ఆటోనగర్‌లో అడిగినా గుంటూరు ఆటోనగర్‌లో అడిగినా టిగ్ అంటే చాలామంది ఒక్క క్షణం ఆలోచిస్తారు, ఆర్గాన్ వెల్డింగ్ అంటే వెంటనే అర్థమవుతుంది. ఎస్ఎస్ (స్టెయిన్‌లెస్ స్టీల్) రెయిలింగులు, హోటల్ కిచెన్ బల్లలు, పాల క్యాన్ల రిపేర్లు చేసుకునే కుర్రాళ్లు కొత్త మెషీన్ కొనలేక సెకండ్ హ్యాండ్ తెచ్చుకుంటారు. అమ్మినవాడి దగ్గర బాగానే పనిచేస్తుంది, షెడ్డుకు తెచ్చి బిగించాక ఆర్క్ పట్టదు. బోర్డు పోయిందన్న టెన్షన్‌లో మూత విప్పేస్తారు. దయచేసి విప్పకండి. నా దగ్గరకు వచ్చిన ఇలాంటి మెషీన్లలో ఎక్కువ వాటికి జబ్బు పెట్టె బయటే దొరికింది: ముక్కకు పట్టించే ఎర్త్ క్లిప్పు, చేత్తో పట్టుకుని వెల్డింగ్ చేసే టార్చ్, దాని చివర ఆర్క్ పుట్టే టంగ్‌స్టన్ పుల్ల, గ్యాస్ పైపు. అందుకే ఇక్కడి ప్రశ్నల్లో బయటి సంగతులే ఎక్కువ ఉంటాయి.

స్విచ్ నొక్కితే ఆర్క్ రావట్లేదు. ఎక్కడ మొదలుపెట్టాలి?

"ఆర్క్ రావట్లేదు" అని ఫోన్ చేస్తారు. అసలు ఏం వస్తోంది, ఏం రావట్లేదు అన్నది చెప్పరు. షెడ్డులో లైటు కాస్త తగ్గించి, శుభ్రమైన ఎస్ఎస్ ముక్కకు 2 మిల్లీమీటర్ల దూరంలో టంగ్‌స్టన్ మొన పెట్టి టార్చ్ స్విచ్ నొక్కండి. ఉన్నట్టుండి ఆర్క్ పట్టేస్తే కళ్లు మండిపోతాయి కాబట్టి ఆటో డార్క్ మాస్క్ పెట్టుకునే చూడండి. లోపల వాల్వ్ టక్ మని గ్యాస్ వస్తున్న చప్పుడు చెవికి వినపడాలి, మొన దగ్గర నీలం రంగు సన్నటి స్పార్క్ చిటపటలాడుతూ కంటికి కనపడాలి.

గ్యాస్, స్పార్క్ రెండూ వచ్చి ఆర్క్ మాత్రం పట్టకపోతే అది ఒక కథ. గ్యాస్ వచ్చి స్పార్క్ లేకపోతే ఇంకో కథ. ఏదీ రాకపోతే చాలావరకు టార్చ్ స్విచ్చే. ఈ మూడింట్లో మీది ఏదో తేల్చుకున్నాకే కింద చదవండి.

మెషీన్ లోపల పవర్ భాగం బాగుందో లేదో మూత విప్పకుండా తెలుస్తుందా?

తెలుస్తుంది, ఐదు నిమిషాల పని. ఇన్వర్టర్ టిగ్ మెషీన్లలో చాలావాటికి మామూలు రాడ్ వెల్డింగ్ కూడా ఉంటుంది, ఎంఎంఏ అని రాసి ఉంటుంది. స్విచ్ అటు తిప్పి, రాడ్ హోల్డర్ బిగించి, 2.5 మిల్లీమీటర్ల 6013 రాడ్‌తో 80 ఆంపియర్ల దగ్గర ఒక ఎంఎస్ (మైల్డ్ స్టీల్, అంటే మామూలు ఇనుము) ముక్క మీద కొట్టి చూడండి. రాడ్ చక్కగా కాలితే డయోడ్లు, ట్రాన్సిస్టర్లు, పెద్ద ట్రాన్స్‌ఫార్మర్ అన్నీ పనిచేస్తున్నట్టే. ఖరీదైన భాగం బాగుంది, ఇక మిగిలింది హెచ్‌ఎఫ్ భాగం (ఆర్క్‌ను మొదలుపెట్టే స్పార్క్ పుట్టించేది), టార్చ్, గ్యాస్, ఎర్త్. రాడ్ కూడా కాలకపోతే ముందు ఎర్త్ చూసి, అది కూడా బాగుంటే అప్పుడు మెకానిక్ దగ్గరకు వెళ్లండి.

ఈ పరీక్ష అయ్యాక టార్చ్‌ను మళ్లీ మైనస్‌కే పెట్టడం మర్చిపోవద్దు.

టార్చ్ ప్లస్‌లో పెడితే ఏమవుతుంది?

ఎస్ఎస్‌కీ ఎంఎస్‌కీ డీసీలో టార్చ్ మైనస్, ఎర్త్ ప్లస్. తిరగేసి పెడితే ఆర్క్ పట్టినా అటూ ఇటూ తిరుగుతూ ఉంటుంది, టంగ్‌స్టన్ మొన కొద్ది క్షణాల్లో కరిగి గుండులా అయిపోతుంది. మొన గుండులా అయితే ముందు ఇదే చూడండి.

నా మెషీన్‌లో అసలు హెచ్‌ఎఫ్ ఉందా?

ఈ ప్రశ్న కొనకముందే అడగాలి. కొన్ని రాడ్ మెషీన్లకు టిగ్ టార్చ్ బిగించుకోవచ్చు, అంతే. అందులో స్పార్క్ అనేదే ఉండదు. వాటిలో రెండు రకాలు: టంగ్‌స్టన్‌ను ముక్కకు గీరి ఆర్క్ తీసేవి, ఆనించి నెమ్మదిగా లేపితే ఆర్క్ పట్టే లిఫ్ట్ రకం. ముందు ప్యానెల్ మీద హెచ్‌ఎఫ్ అనో లిఫ్ట్ అనో రాసి ఉందేమో చూడండి. రెండూ ఉన్న మెషీన్లలో మీటను ఎవరో లిఫ్ట్ వైపు తిప్పి వదిలేస్తే, కొన్నవాళ్లు వారం రోజులు స్పార్క్ కోసం ఎదురు చూస్తారు.

లిఫ్ట్ పద్ధతి: సెరామిక్ కప్పు అంచును ముక్క మీద ఆనించి, టార్చ్‌ను మెల్లగా వంచుతూ మొనను తాకించి, స్విచ్ నొక్కి, మణికట్టు తిప్పినట్టుగా మొనను ఒకటి రెండు మిల్లీమీటర్లు లేపాలి. గట్టిగా పొడిచినా ఒక్కసారిగా పైకి లాగినా పట్టదు. గీరే రకంలో టార్చ్ మీద గ్యాస్ తిప్పే పిడి ఉంటుంది, దాన్ని ముందుగా తెరవాలి. తెరవకుండా గీరితే టంగ్‌స్టన్ నల్లబడి ఆ రోజుకు పని అయిపోయినట్టే.

స్పార్క్ బాగా కొడుతోంది, కానీ ఆర్క్ పట్టట్లేదు. హెచ్‌ఎఫ్ బోర్డు మార్చాలా?

వద్దు. స్పార్క్ కొడుతోందంటే ఆ బోర్డు తన పని తాను చేస్తోంది. ఇక్కడే ఎక్కువమంది డబ్బులు పోగొట్టుకుంటారు కాబట్టి కాస్త వివరంగా చెబుతాను.

హెచ్‌ఎఫ్ అంటే కొన్ని వేల వోల్టుల కరెంటు, చాలా వేగంగా అటూ ఇటూ ఊగేది. దానికి పెయింటు పొర, తుప్పు, సగం తెగిన కేబులు ఏవీ పెద్ద అడ్డం కావు, దాటేస్తుంది. దాని పని టంగ్‌స్టన్‌కూ ముక్కకూ మధ్య ఉన్న ఆర్గాన్‌లో దారి వేయడం వరకే. ఆ దారిలో నడవాల్సిన అసలు వెల్డింగ్ కరెంటు మామూలుగా 60, 70 వోల్టుల దగ్గర బయల్దేరుతుంది. అది పెయింటు దగ్గరే ఆగిపోతుంది. అందుకే స్పార్క్ నిక్షేపంగా కనపడుతుంది, వెనకాల ఆర్క్ రాదు. ఈ లక్షణం కనపడితే ముందు ఎర్త్‌ను అనుమానించండి.

నా మొదటి 200 ఆంపియర్ల పాత మెషీన్‌కు ఇదే జరిగింది. చూసినవాళ్లు హెచ్‌ఎఫ్ కార్డు వీక్ అన్నారు, కొత్తది వేయించాను, అయినా అంతే. మూడో రోజు ఎర్త్ కేబుల్ చివర లగ్గు (కేబుల్ కొసకు నొక్కే లోహపు తొడుగు) దగ్గర రబ్బరు కోసి చూస్తే లోపల రాగి పోగులు పచ్చగా పాకుడు పట్టి, నాలుగైదు తప్ప అన్నీ తెగిపోయి ఉన్నాయి. రెండు అంగుళాలు కోసేసి కొత్త లగ్గు నొక్కించగానే మొదటి స్విచ్‌కే ఆర్క్ పట్టింది. ఆ మూడు రోజులు పని ఆగిపోయిన రెయిలింగ్ ఆర్డరు ఇప్పటికీ గుర్తే.

పరీక్ష తేలికే. అరచేతిలో పట్టేంత ఎస్ఎస్ ముక్కను రెండు వైపులా గ్రైండ్ చేసి, ఎర్త్ క్లిప్పు దవడల మధ్యే నేరుగా పట్టించి, ఆ ముక్క మీద ఆర్క్ తీయండి. అక్కడ పట్టి మీ పని ముక్క మీద పట్టకపోతే, మీ క్లిప్పు పెట్టిన చోట పెయింటో తుప్పో ఉంది. అక్కడా పట్టకపోతే కేబుల్, లగ్గు, మెషీన్‌లోకి పోయే డింసె ప్లగ్గు చూడండి. ప్లగ్గు లోపలికి దూర్చి గట్టిగా తిప్పితేనే బిగుసుకుంటుంది, దూర్చి వదిలేస్తే వదులుగా ఉండి కాలుతుంది. రెండు నిమిషాలు వెల్డింగ్ చేసి, మెషీన్ ఆపి, చేతి వెనక వైపుతో ప్రతి జాయింటూ తడిమి చూడండి. మిగతావాటి కంటే బాగా వేడెక్కినదే దొంగ.

లారీ బాడీల మీద, పాత గేట్ల మీద చేసేవాళ్లు క్లిప్పు పెట్టే చోట రూపాయి బిళ్లంత మేర గ్రైండర్‌తో తెల్లగా తీయడం అలవాటు చేసుకోండి.

ఎర్త్ బాగానే ఉంది. ఇంకా అంతే.

అయితే టంగ్‌స్టన్. లేదా కరెంటు మరీ తక్కువ పెట్టారు. 2.4 మిల్లీమీటర్ల టంగ్‌స్టన్ వేసి 15, 20 ఆంపియర్లకు తిప్పితే స్పార్క్ కొట్టి ఆరిపోతుంది, ఎందుకంటే అంత లావు మొనను ఆ కరెంటు వేడి చేయలేదు. పల్చటి రెయిలింగ్ పైపులకు 1.6 వేసుకోండి. లేదా స్టార్టింగ్ కరెంటు వేరేగా పెట్టుకునే వీలుంటే కాస్త పెంచండి. దూరం కూడా చూసుకోవాలి, చేయి వణికి 5 మిల్లీమీటర్ల ఎత్తులో ఉంటే ఏ మెషీన్ అయినా పట్టదు.

టంగ్‌స్టన్ ఏ రంగు మంచిది, ఎలా చెక్కాలి?

డీసీ పనికి ఆకుపచ్చ రంగు గుర్తున్నది వాడకండి. అది స్వచ్ఛమైన టంగ్‌స్టన్, పాత ట్రాన్స్‌ఫార్మర్ మెషీన్లలో అల్యూమినియానికి వాడేవాళ్లు, డీసీలో స్టార్టింగ్ బాగా రాదు. ఎరుపు రంగుది థోరియం కలిసినది, బాగా పట్టుకుంటుంది, కానీ థోరియానికి కొద్దిగా రేడియేషన్ గుణం ఉంది, చెక్కేటప్పుడు దుమ్ము పీల్చకూడదు. నేను బూడిద రంగు సీరియం, బంగారు లేదా నీలం రంగు లాంథనం వాడమంటాను. చిన్న కరెంట్లకు కూడా హాయిగా స్టార్ట్ అవుతాయి.

చెక్కడం దగ్గర చాలా తప్పులు జరుగుతున్నాయి. గ్రైండర్ రాయి మీద టంగ్‌స్టన్‌ను అడ్డంగా పెట్టి తిప్పితే గీతలు చుట్టూ పడతాయి, ఆర్క్ మొన దగ్గర నిలవకుండా పక్కలకు తిరుగుతుంది. రాయి తిరిగే దిశలోనే నిలువుగా పెట్టి, గీతలు పొడుగునా పడేలా వేళ్లతో నెమ్మదిగా తిప్పుతూ చెక్కాలి. మొన పొడవు టంగ్‌స్టన్ లావుకు రెండు, రెండున్నర రెట్లు ఉంటే చాలు. ఎంఎస్ గేట్లు గ్రైండ్ చేసిన రాయి మీదే దీన్నీ చెక్కితే ఇనుప పొడి అంటుకుని మొదటి ఆర్క్‌కే చిటపటలాడుతుంది. ఒక చిన్న రాయి దీనికోసమే విడిగా ఉంచుకోండి.

కరిగిన లోహంలో మొన ముంచేశారా, ఆ ముక్క విరిచేసి మళ్లీ చెక్కాల్సిందే. పైపైన రుద్దితే కుదరదు.

గ్యాస్ వస్తోంది, స్పార్క్ మాత్రం లేదు. ఇప్పుడు?

ముందు హెచ్‌ఎఫ్, లిఫ్ట్ మీట చూడండి. తర్వాత టార్చ్ కేబుల్ మెషీన్ దగ్గర నుంచి టార్చ్ దాకా చేత్తో తడుముతూ రండి, మెషీన్ ప్లగ్గు పీకాకే. ఎక్కడైనా రబ్బరు పగిలి, ఇనుప బల్లకో నేలకో ఆనుతుంటే స్పార్క్ అక్కడే దూకేస్తుంది, మొన దాకా రాదు. చీకట్లో మెషీన్ వేసి, కేబుల్‌ను ముట్టుకోకుండా దూరం నుంచి చూస్తే దూకే చోటు ఒక్కోసారి కనపడుతుంది కూడా.

కేబుల్‌ను చుట్టగా చుట్టి ఇనుప స్టాండుకు తగిలించి పనిచేసే అలవాటు మన దగ్గర బాగా ఉంది. చుట్టినకొద్దీ హెచ్‌ఎఫ్ బలం దారిలోనే తగ్గిపోతుంది. తిన్నగా పరిచి, వీలైతే చెక్క పలక మీద ఉంచండి. కేబుల్ ఎంత పొట్టిగా ఉంటే అంత మంచిది.

ఇవన్నీ అయ్యాక కూడా స్పార్క్ లేకపోతే అప్పుడు లోపలి హెచ్‌ఎఫ్ భాగం మీద అనుమానం న్యాయమైనది.

వానాకాలంలో పొద్దున పట్టదు, మధ్యాహ్నానికి పడుతుంది. ఎందుకు?

తేమ. తుపాను పట్టినప్పుడు రెండు మూడు రోజులు గోడలు కూడా చెమ్మగా ఉంటాయి, నేల మీద పడేసిన టార్చ్ గురించి చెప్పేదేముంది. సెరామిక్ కప్పు లోపల, టార్చ్ తల మీద, మెషీన్ లోపలి దుమ్ము మీద తేమ పట్టి హెచ్‌ఎఫ్‌కు పక్కదారి దొరుకుతుంది. మధ్యాహ్నం వేడికి ఆరగానే దారి మూసుకుంటుంది, మీకు మెషీన్ తనంతట తానే బాగైనట్టు అనిపిస్తుంది.

రాత్రి టార్చ్‌ను నేల మీద వదలకుండా పైన తగిలించండి. పొద్దున్నే కప్పు, కాలెట్ (టంగ్‌స్టన్‌ను బిగించి పట్టేది), బ్యాక్ క్యాప్ (టార్చ్ వెనక మూత) విప్పి పొడి గుడ్డతో తుడిచి ఒక అరగంట ఎండలో పెట్టండి. మెషీన్ మీద గోనె కాకుండా ఏదైనా పొడి గుడ్డ కప్పండి, గోనె తేమ పట్టి ఉంచుతుంది. ఇంకొకటి, గ్రైండింగ్ చేసే చోటుకు మెషీన్ ఫ్యాన్ ఎదురుగా పెట్టకండి. ఇనుప పొడి, తేమ కలిస్తే లోపలి బోర్డు మీద కరెంటుకు సొంత దారులు పడతాయి.

వాటర్ కూలింగ్ టార్చ్ అయితే ట్యాంకులో బోరు నీళ్లు పోయకండి. బోరు నీళ్లలో ఉప్పులు ఎక్కువ, కరెంటు వాటి గుండా పారుతుంది, హెచ్‌ఎఫ్ నీళ్లలోనే పోతుంది. డిస్టిల్డ్ వాటర్ లేదా కూలెంట్ పోయండి.

స్విచ్ నొక్కితే గ్యాస్ లేదు, స్పార్క్ లేదు, ఏమీ లేదు.

టార్చ్ స్విచ్ వైరు. టార్చ్ పిడి దగ్గర రోజూ వంగి వంగి లోపల తెగిపోతుంది, పైకి రబ్బరు బాగానే కనపడుతుంది. మెషీన్ నుంచి ఆ చిన్న ప్లగ్గు పీకి, మల్టీమీటర్‌ను బజర్ మీద పెట్టి రెండు పిన్నుల మధ్య చూడండి, స్విచ్ నొక్కితే కూయాలి, వదిలితే ఆగాలి. నొక్కి పట్టుకుని పిడి దగ్గర వైరును అటూ ఇటూ ఆడించినప్పుడు కూత తెగుతూ ఉంటే అక్కడే జబ్బు.

పాత మెషీన్‌కు వేరే కంపెనీ టార్చ్ తగిలించి ఇస్తుంటారు. ప్లగ్గు సరిపోయినా పిన్నుల వరుస వేరుగా ఉండొచ్చు. కాలితో కరెంటు పెంచి తగ్గించే పెడల్ కోసం రిమోట్ అని పెట్టిన మీట ఉంటే, పెడల్ లేనప్పుడు అది ప్యానెల్ వైపు ఉండాలి. ఇది కూడా చూడండి.

స్పార్క్ కప్పు లోపలే కొడుతోంది, ఒక్కోసారి చేతికి చురుక్కుమంటోంది.

కాలెట్ సైజు చూడండి. 2.4 కాలెట్‌లో 1.6 టంగ్‌స్టన్ పెట్టి బిగించామనుకుంటారు, అది వదులుగానే ఉంటుంది. కప్పు పగిలిందేమో, మొన కప్పులోకి మరీ లోపలికి వెళ్లిందేమో, బ్యాక్ క్యాప్ రబ్బరు రింగు ఉందో లేదో చూసుకోండి. చేతికి చురుక్కుమంటే పని ఆపేయాల్సిందే. పొడి లెదర్ గ్లవ్స్ లేకుండా, చెమటతో తడిసిన చేత్తో ఆర్గాన్ పని చేయడం తప్పు. మే నెలలో చెమటకు గ్లవ్స్ తడిసిపోతాయి, రెండో జత దగ్గర పెట్టుకోండి.

గ్యాస్ ఎంత పెట్టాలి?

నిమిషానికి 6 నుంచి 10 లీటర్లు. ఆర్క్ పట్టకపోతే గ్యాస్ పెంచేవాళ్లున్నారు, మరీ ఎక్కువైతే గాలిని కూడా లోపలికి లాక్కుని ఇంకా చెడుతుంది. సీలింగ్ ఫ్యాన్, కూలర్ పక్కకు తిప్పండి. రాత్రంతా ఆగిన పైపులో గాలి చేరుతుంది, అందుకే పొద్దున మొదటి ఆర్క్ సరిగా రాదు, ఒకటి రెండుసార్లు ఊరికే గ్యాస్ వదిలి మొదలుపెట్టండి. ప్రీ ఫ్లో, అంటే ఆర్క్‌కు ముందు వచ్చే గ్యాస్, అర సెకను చాలు. పోస్ట్ ఫ్లో, అంటే ఆర్క్ ఆగాక వచ్చే గ్యాస్, మాత్రం తగ్గించి ఆదా చేయకండి, ప్రతి 10 ఆంపియర్లకు ఒక సెకను లెక్కన ఉంచితే మొన తెల్లగా ఉంటుంది. నల్లగానో నీలంగానో మారిన మొనతో తర్వాతి ఆర్క్ కష్టం. జాయింట్ల దగ్గర సబ్బు నురగ రాసి లీకు చూడండి.

కరెంటు వోల్టేజీ వల్ల కూడా ఇలా అవుతుందా?

అవుతుంది. సన్నటి ఎక్స్‌టెన్షన్ బాక్సు మీద 200 ఆంపియర్ల మెషీన్ నడపకండి. స్టార్టింగ్ క్షణంలోనే వోల్టేజీ పడిపోయి ఆర్క్ ఆరిపోతుంది. మీటరు దగ్గర 230 ఉండి, మెషీన్ ప్లగ్గు దగ్గర లోడ్ మీద 190కి పడుతుంటే వైరు మార్చాలి.

అల్యూమినియం మీదే పట్టట్లేదు, ఎస్ఎస్ మీద బాగుంది.

మెషీన్‌లో ఏసీ ఉందా? డీసీ మాత్రమే ఉన్న మెషీన్‌తో మామూలు పద్ధతిలో అల్యూమినియం కుదరదు. అల్యూమినియం 660 డిగ్రీలకు కరుగుతుంది, దాని మీది ఆక్సైడ్ పొర 2000 డిగ్రీలు దాటితే గానీ కరగదు, ఆ పొరను ఏసీయే చీల్చాలి. పాత ట్రాన్స్‌ఫార్మర్ మెషీన్లలో ఏసీకి హెచ్‌ఎఫ్ ఎప్పుడూ వస్తూనే ఉండాలి, స్టార్ట్ మాత్రమే అని పెడితే ఆర్క్ మాటిమాటికీ ఆరిపోతుంది. ముక్కను ఎస్ఎస్ బ్రష్‌తో రుద్దండి. తుడవడానికి బ్రేక్ క్లీనర్ లాంటి క్లోరిన్ ఉన్న ద్రవాలు వద్దే వద్దు, ఆర్క్ కాంతికి వాటి ఆవిరి ఫాస్జీన్ అనే విష వాయువుగా మారుతుంది.

స్పార్క్ గ్యాప్ నేనే సెట్ చేసుకోవచ్చా?

స్పార్క్ గ్యాప్ అంటే మెషీన్ లోపల హెచ్‌ఎఫ్ పుట్టించే పాయింట్ల మధ్య ఖాళీ. పాత పెద్ద మెషీన్లలో ఆ ఖాళీ చాలావరకు 0.2 మిల్లీమీటర్లు ఉంటుంది, ఫీలర్ గేజీతో చూసుకోవచ్చు. మాన్యువల్‌లో వేరే అంకె ఉంటే అదే ఖాయం. చిన్న ఇన్వర్టర్లలో కొలత వేరు, అందాజుగా ముట్టుకోకండి. స్పార్క్ బలంగా రావాలని ఖాళీ పెంచితే వోల్టేజీ పెరిగి లోపలి ఇన్సులేషన్ పోతుంది. పాయింట్లకు సాండ్ పేపర్ కొట్టకండి, చివర టంగ్‌స్టన్ అరిగిపోతే కొత్తవి వేయండి.

ప్లగ్గు పీకినా 230 వోల్టుల ఇన్వర్టర్ లోపలి కెపాసిటర్లలో సుమారు 320 వోల్టులు నిలిచి ఉండొచ్చు, త్రీ ఫేజ్ అయితే ఇంకా చాలా ఎక్కువ. ఇది ప్రాణం తీసే కరెంటు. ఎలక్ట్రానిక్స్ పని తెలియకపోతే మూత జోలికి పోవద్దు.

మల్టీమీటర్ పెట్టి అవుట్‌పుట్ చూడొచ్చా?

హెచ్‌ఎఫ్ ఆన్‌లో ఉండగా పెట్టారంటే మీటరు కాలిపోతుంది. ఎంఎంఏ మీద పెట్టి చూడండి. అలాగే సెల్‌ఫోన్, ఎలక్ట్రానిక్ కాటా దూరంగా ఉంచండి, బండి మీద పని అయితే బ్యాటరీ వైర్లు తీసేయండి. గుండెలో పేస్‌మేకర్ ఉన్నవాళ్లు డాక్టర్ని అడగకుండా ఆ దరిదాపుల్లో నిలబడకూడదు.

మెకానిక్ దగ్గరకు తీసుకెళ్తే ఏం చెప్పాలి?

"ఆర్క్ రావట్లేదు, చూడన్నా" అని వదిలేసి రావద్దు. రాడ్ కాలుతోందా, గ్యాస్ వస్తోందా, స్పార్క్ వస్తోందా, పొద్దునా ఎప్పుడూనా, ఏ టార్చ్, ఏ టంగ్‌స్టన్, ఇవన్నీ కాగితం మీద రాసి ఇవ్వండి. టార్చ్, ఎర్త్ కేబుల్ కూడా మెషీన్‌తో పాటే తీసుకెళ్లండి. అక్కడ వాళ్ల టార్చ్‌తో ఆర్క్ పడితే మీ టార్చ్‌లోనే లోపం అని అక్కడికక్కడే తేలిపోతుంది, బోర్డుకు డబ్బు ఇవ్వక్కర్లేదు. కొనేటప్పుడు కూడా ఇదే వరుస: మీ టంగ్‌స్టన్, మీ ఎస్ఎస్ ముక్క పట్టుకెళ్లి, మెషీన్ చల్లగా ఉన్నప్పుడు ఒకసారి, పావుగంట నడిపి వేడెక్కాక ఇంకోసారి, కనీసం పదిసార్లు ఆర్క్ తీసి చూసుకుని అప్పుడు డబ్బులు ఇవ్వండి.